ఒంటిని పట్టుకున్న చర్మం

ఆ పిల్లని పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ చంకల కింద చేతులు వేసి ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే చేతి కింద చర్మం ఊడివచ్చేసేది. ఆ సంగతి పుట్టిన రోజునే తెలిసింది. నర్సు గోరువెచ్చటి నీళ్ళలో తువ్వాలు ముంచి పాపాయి మడమ తుడిచింది. తువ్వాలు వెనక్కి తీసేసరికి మడమ మీది చర్మం తువ్వాలుకే ఉండిపోయింది. "అయ్యో దేవుడా" అంటూ నర్సు తువ్వాలు కింద పడేసింది. తలుపు దగ్గర నిలబడి తొంగిచూస్తున్న తండ్రి, గోడ పట్టుకుని ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

అతను కుట్టుమిషన్ల మెకానిక్. అంతకుముందు బట్టల ఫ్యాక్టరీలో వరసలు వరసలుగా ఉన్న మిషన్లన్నీ అతని చేతి కిందే ఉండేవి. పిల్ల పుట్టాక ఆ ఉద్యోగం మానేసి, ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకుని, ఎవరి మిషన్ వాళ్ళు మోసుకొస్తే బాగుచేసి ఇచ్చేవాడు. ఎందుకంటే పొద్దున్న లేస్తే కట్లు మార్చడానికే సగం పూట పోయేది. భార్య సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోయేది. ఇంకొకరు సాయపడదామన్నా కుదరదు. మెకానిక్ అక్కగారు పక్క వీధిలోనే ఉండేది, ప్రాణం పెట్టే మనిషే. కానీ ఆవిడ గొంతు పెద్దది, చెయ్యి బరువు. ఒకసారి ముద్దొచ్చి మేనకోడలి బుగ్గ నిమిరిందంతే, ఆ బుగ్గ మీద రూపాయి బిళ్ళంత పొక్కు లేచింది. ఆ తర్వాత ఆవిడ ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కూర్చునేది.

పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. తిండి అంతే, గొంతూ అంతే. నోట్లో కూడా పొక్కులే కాబట్టి అన్నీ మెత్తగా చిదిమి, చల్లార్చి పెట్టాలి. కట్లు మార్చేటప్పుడు మాత్రం ఆ గొంతు ఊరుకునేది కాదు. నీళ్ళలో నానబెట్టి పాత గుడ్డ ఊడదీస్తుంటే, పిచ్చుక వాళ్ళమ్మ బస్సు రూటులోని స్టాపులన్నీ వరసగా అరిచేది. "మార్కెట్టు! సినిమా హాలు! పెద్దాసుపత్రి! వంతెన!" నొప్పి ఎక్కువైన రోజున ఆ బస్సు ఏ స్టాపులోనూ ఆగేది కాదు, ఒకటే పరుగు. మెకానిక్ తల ఎత్తకుండా తన పని తను చేసుకుపోయేవాడు. తల ఎత్తితే చెయ్యి వణుకుతుందని అతని భయం.

పిచ్చుకకి ఎనిమిదో ఏడు నడుస్తుండగా వీపంతా చీము పట్టింది. జ్వరం దిగలేదు. ఆసుపత్రిలో చేర్పించారు. రేపో మాపో అన్నట్టుగా ఉన్న పిల్లని ఎలాగో గట్టెక్కించాక, చర్మం డాక్టరమ్మ తల్లిదండ్రుల్ని తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది.

"ఇలా కట్లు కట్టుకుంటూ పోతే ఇంకెంతో కాలం లాగలేం," అంది దాపరికం లేకుండా. "ఒక దారి ఉంది. ఇంకా ప్రయోగం దశలోనే ఉంది. అందరికీ చెయ్యరు. మీరు ఒప్పుకుంటే అమ్మాయి పేరు రాయిస్తాను."

"ఏం చేస్తారు?" అంది డ్రైవరమ్మ.

"కొత్త చర్మం వేస్తాం. ఒళ్ళంతా."

"ఎవరిది?"

"మీ అమ్మాయిదే."

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ పిల్లకి ఉంటే కదా చర్మం!

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మన చర్మం ఎప్పటికప్పుడు పైనుంచి రాలిపోతూ, అడుగునుంచి పుడుతూ ఉంటుంది. ఆ అడుగున ఉండే కణాలే మూలకణాలు, చర్మానికి విత్తనాల్లాంటివి. పిచ్చుకకి విత్తనాలున్నాయి, చర్మం పుడుతోంది, కానీ పై పొరని కింది పొరకి పట్టి ఉంచే జిగురు తయారవడం లేదు. ఆ జిగురు ఎలా తయారుచెయ్యాలో చెప్పే జన్యువు దెబ్బతింది. అందుకని పొక్కులు లేని చోట గోరంత ముక్క తీసి, అందులోని మూలకణాలకి మంచి జన్యువు ఎక్కించి, ల్యాబులో పెంచి, దుప్పటి ముక్కల్లా తయారయ్యాక ఒంటి మీద పరుస్తారు.

మెకానిక్ బల్ల మీదున్న పేపర్‌వెయిట్ వంకే చూస్తూ, "పైదారం నడుస్తోంది కానీ బాబిన్ ఖాళీ," అన్నాడు.

"ఏమిటి?"

"మిషన్‌లో అడుగున బాబిన్ ఉంటుంది డాక్టరుగారూ. అందులో దారం అయిపోయినా సూది పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. చూడ్డానికి కుట్టు పడుతున్నట్టే ఉంటుంది. పట్టుకు లాగితే మొత్తం ఊడొస్తుంది."

డాక్టరమ్మ నవ్వింది. "అంతే. ఆ బాబిన్‌కే దారం ఎక్కిస్తాం."

సంగతి విన్న అక్కగారు మాత్రం గుండెలు బాదుకుంది. "చర్మాన్ని పెంచడమేంట్రా? నాకు తెలిసి కుండీల్లో మొక్కలు పెంచుతారు, ఇంట్లో పిల్లిని పెంచుతారు. చర్మానికి నీళ్ళు పోస్తారా, ఎరువు వేస్తారా? పిల్లని ఏం చెయ్యబోతున్నార్రా మీరంతా కలిసి?"

తొడ మొదట్లో కాస్త బాగున్న చోట చూసి ముక్క తీశారు. కొన్ని వారాలకి ల్యాబు నుంచి కబురొచ్చింది, చూడాలనుకుంటే రమ్మని. డ్రైవరమ్మకి సెలవు దొరకలేదు. మెకానిక్ ఒక్కడే వెళ్ళాడు. తలకి టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకి సంచులు తొడిగి, ఒక అద్దాల గోడ ముందు నిలబెట్టారు. అవతల ల్యాబావిడ వెచ్చటి పెట్టె తలుపు తీసి, గాజు పళ్ళెం ఒకటి రెండు చేతులా పట్టుకుని అద్దం దగ్గరికి తెచ్చింది. అందులో గులాబీ రంగు నీళ్ళు. నీళ్ళ అడుగున, తడిసిన ఉల్లిపొర లాంటిది ఏదో, ఉందో లేదో అన్నట్టు.

మెకానిక్ ఇంట్లో మంచం మీద పడుకున్న పిల్ల, ఇక్కడ పళ్ళెంలో కూడా ఉంది. అటువంటి పళ్ళేలు వెనక అరలో ఇంకా ఉన్నాయి. అతనికి ఒళ్ళు జలదరించింది. అక్క మాటలు గుర్తొచ్చి నవ్వు కూడా రాబోయింది.

"దీనికి నొప్పి తెలుస్తుందా అమ్మా?" అన్నాడు.

"లేదండీ. నరాలు లేవు కదా," అంది ల్యాబావిడ స్పీకరులోంచి.

నొప్పి లేని కూతురి చర్మాన్ని అతను చూడడం అదే మొదలు. అద్దానికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎవరో వచ్చి భుజం తట్టి, టైమైపోయింది, ఇక వెళ్ళమని చెప్పాల్సి వచ్చింది.

ఆపరేషన్ తేదీ దగ్గరపడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన సంచి సర్దేశారు. పిచ్చుక తన బొమ్మలన్నిటికీ వెళ్ళొస్తానని చెప్పేసింది కూడా. ఆ రోజు మధ్యాహ్నం మెకానిక్ ఒక పాత మిషన్ కింద పడుకుని స్క్రూ బిగిస్తుంటే, గుమ్మంలో చెప్పులు కనబడ్డాయి. ల్యాబావిడ. ఫోన్ చెయ్యకుండా మనిషే వచ్చింది.

"పాడైపోయిందండీ," అంది నిలబడే.

"ఏది?"

"మొత్తం. బూజు పట్టింది. ఒక పళ్ళెంలో మొదలై అన్నిటికీ పాకింది. అన్నీ పారేయాల్సొచ్చింది. తప్పు మాదే. ఇది ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చాను."

మెకానిక్‌కి ఆ మాటలు వినబడ్డాయి కానీ మనసుకి ఎక్కలేదు. స్క్రూ బిగిస్తూనే ఉన్నాడు. మర అరిగిపోయి స్క్రూ గిర్రున తిరుగుతున్నా ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరమ్మ, యూనిఫారంతోనే గుమ్మంలో నిలబడి సంగతంతా విని, "పారేశారా? నా కూతురి చర్మం పారేశారా?" అంది. అరవలేదు. మెల్లిగానే అంది. మెట్టు మీద కూలబడి, తన టోపీ తీసి మొహం మీద పెట్టుకుంది. ల్యాబావిడ కూడా వెళ్ళలేక ఆ మెట్టు మీదే పక్కన కూర్చుంది. ముగ్గురు పెద్దవాళ్ళు ఉండి కూడా ఎవరికీ మంచినీళ్ళు కావాలా అని అడగడం తోచలేదు.

మళ్ళీ మొదలుపెట్టాలంటే మళ్ళీ ముక్క కావాలి. ఈలోగా పిల్ల ఒంటి మీద జాగాయే మిగల్లేదు. మొదటిసారి తీసిన చోటే ఇప్పుడు పుండు. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి, లైటు దగ్గరికి లాక్కుని, తల నుంచి కాలి దాకా వెతికింది. వెతికిన కొద్దీ ఆవిడ మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది.

"చెవి వెనక చూడండి," అంది పిచ్చుక.

"చెవి వెనకా?"

"నాన్న ఒళ్ళంతా మందు రాస్తాడు కదా. ఎడమ చెవి వెనక ఎప్పుడూ రాయలేదు. అంటే అక్కడ బాగున్నట్టే కదా!"

డాక్టరమ్మ చెవి మెల్లిగా ముందుకి వంచింది. అక్కడ చిన్న మడతలో, నున్నగా, తేటగా, ఎవరి కంటా పడని చర్మం. ఎనిమిదేళ్ళుగా మెకానిక్ ఆ ఒంట్లో తనకి తెలియని చోటు లేదనుకున్నాడు. బాగున్న చోటు ఒకటుందని మాత్రం తెలీదు.

రెండోసారి ల్యాబులో బూజు పట్టలేదు. ముందు చేతులూ కాళ్ళూ, కొన్నాళ్ళకి వీపూ పొట్టా, ఒక్కొక్క ముక్కే పరిచారు. పిల్ల కదలకూడదు. గుడ్డల మూటలా మంచం మీద పడుకుని, కళ్ళు మాత్రం తిప్పుతూ ఉండేది. ఆ వారాలు ఎలా గడిచాయో ఆ ఇంట్లో ఎవరూ తర్వాత మాట్లాడుకోలేదు.

కట్లు విప్పే రోజు వచ్చింది. డాక్టరమ్మ, తల్లి, తండ్రి మంచం చుట్టూ ఉన్నారు. కుడి చేతి గుడ్డ ఒక్కొక్క చుట్టూ విప్పుతుంటే మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. గుడ్డ ఊడే చప్పుడు అతనికి తెలుసు. తడి చప్పుడు. దాని వెంట అరుపు. అదే వస్తుందని పళ్ళు బిగబట్టుకున్నాడు. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఎర్రగా, పల్చగా, అక్కడక్కడా ముడతలతో ఒక చెయ్యి కనబడింది. అందం సంగతి దేవుడెరుగు, మొత్తానికి చెయ్యే.

అప్పుడు డాక్టరమ్మ బొటనవేలు దాని మీద పెట్టి, గట్టిగా నొక్కి, పక్కకి రుద్దింది.

"రుద్దకండి!" అని కేక వేసి మెకానిక్ ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాడు. తను ఏం చేశాడో అతనికే తెలీలేదు. పక్కనున్న పనిముట్ల పళ్ళెం కిందపడి కత్తెరలూ పట్టుకార్లూ గదంతా చెల్లాచెదురయ్యాయి.

డాక్టరమ్మ చెయ్యి విడిపించుకోలేదు. "చూడండి," అంది.

చూశాడు. వేలు రుద్దిన చోట తెల్లబడింది. మెల్లిగా మళ్ళీ ఎరుపెక్కింది. అంతే. పొక్కు లేదు, చెమ్మ లేదు, తొక్క జారలేదు. పిచ్చుక తన చెయ్యి తనే ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, "చక్కిలిగిలి పెట్టింది," అంది.

తలతిప్పి చూస్తే డ్రైవరమ్మ గదిలో లేదు. వరండాలో మంచినీళ్ళ మిషన్‌ని రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉంది. అది గుడగుడమంటోంది, ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

పిల్ల ఇంటికొచ్చింది. అంతా నయమైపోయిందని చెప్పలేం. నోట్లో, గొంతులో పాత బాధ అలాగే ఉంది, తిండి ఇప్పటికీ మెత్తగానే. అరికాళ్ళ మీద అక్కడక్కడా పొక్కులు లేస్తాయి. కానీ మిగతా చర్మం ఒంటిని పట్టుకుంది. పాత పొర రాలి, అడుగునుంచి కొత్తది వస్తున్నా అది కూడా పట్టుకునే ఉంది. పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. చిక్కంతా తండ్రితోనే వచ్చింది. అతని చేతులు నమ్మడం లేదు. పొద్దున్నే లేచి మందులూ గుడ్డలూ ట్రేలో సర్దుకుని మంచం దగ్గరికి వచ్చేసేవాడు. "నాన్నా, నాకు బడికి టైమవుతోంది," అనేది పిచ్చుక, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అతను ట్రే పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, వెనక్కి తీసుకెళ్ళి పెట్టేసేవాడు. భుజం మీద చెయ్యి వెయ్యమంటే ఈక వాలినట్టు వేసేవాడు. "గట్టిగా పట్టుకోవయ్యా, నీ కూతురే," అని భార్య విసుక్కునేది. పట్టుకుందామనే అనుకునేవాడు. వేళ్ళు మాట వినేవి కావు.

ఒకరోజు సాయంత్రం అక్కగారు మెట్లెక్కి రొప్పుకుంటూ వచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ! పిచ్చుకని కరిచిందిరా!"

అతని చేతిలో ఉన్న నూనె డబ్బా కిందపడింది. "కుక్కా?"

"కుక్క కాదురా, ఎదురింటి పిల్ల! పళ్ళు దించేసింది!"

ఎలా దిగాడో, ఎన్ని మెట్లు దాటేశాడో, కింద ఆడుకునే చోటికి వచ్చి పడ్డాడు. పిచ్చుక ఉయ్యాల పక్కన నిలబడి చెయ్యి ముందుకి చాపి చూసుకుంటోంది. ఎదురింటి పిల్ల నేల మీద కూర్చుని, చేసిన పనికి తనే హడలిపోయి, ఏడుపు లంకించుకుంది. ఆ పిల్ల తల్లి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొస్తోంది.

మెకానిక్ మోకాళ్ళ మీద కూలబడి కూతురి చెయ్యి అందుకున్నాడు. మోచేతి కింద గుండ్రంగా పళ్ళ అచ్చు. పైన ఒక వరస, కింద ఒక వరస. ఎర్రగా గుంటలు పడ్డాయి. ఇంకాసేపట్లో పొంగుతుంది, నీరు పడుతుంది, చిట్లుతుంది, తనకి తెలీదా? ఊపిరి బిగబట్టి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. బొటనవేలితో నొక్కాడు. రుద్దాడు. అక్కగారు "అదేం పనిరా!" అని కెవ్వుమంది. చర్మం కదల్లేదు.

అతను ఎదురింటి పిల్ల వైపు తిరిగాడు. "గట్టిగా కరిచావా అమ్మా?"

ఆ పిల్ల వెక్కుతూ తలూపింది.

"ఎంత గట్టిగా? ఉన్న బలమంతా పెట్టావా?"

"ఉన్న బలమంతా పెట్టాను అంకుల్!" అని ఆ పిల్ల బావురుమంది.

"అన్నయ్యగారూ, ఏమనుకోకండి, దీన్ని ఇంటికి తీసుకెళ్ళి నాలుగు తగిలిస్తాను," అంది తల్లి సిగ్గుతో చచ్చిపోతూ.

"వద్దమ్మా, వద్దు! ఏమనకండి," అంటూనే అతను నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ తన కూతుర్ని వెనక్కి లాక్కుంది, మనిషికేమైనా మతి చలించిందేమోనని. అతను ఇదేమీ పట్టించుకోలేదు. పిచ్చుక చంకల కింద చేతులు వేసి, ఒక్క ఊపున పైకెత్తి, ఎముకలు నలిగేలా గుండెకి అదుముకున్నాడు. "నాన్నా, ఊపిరాడట్లేదు!" అని ఆ పిల్ల కాళ్ళు తన్నుకుంది. అక్కగారు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది.

చీకటి పడబోతుండగా డ్రైవరమ్మ వచ్చింది. వీధి మొదట్లోనే ఎవరో చెప్పేశారు. సంచి పక్కన పడేసి, కూతురి చెయ్యి లైటు కిందకి తీసుకెళ్ళి, ఆ అచ్చుని మొదట కళ్ళతో, తర్వాత వేలితో తడిమింది. మెకానిక్ ఎదురుచూస్తున్నాడు, ఇప్పుడు తనలాగే నవ్వుతుందని, ఏడుస్తుందని.

"ఊరికే ఎందుకు కరిచింది? నువ్వేం చేశావు?" అంది.

పిచ్చుక నేల చూపులు చూసింది. "జుట్టు పట్టుకు లాగాను."

"ముందు నువ్వే లాగావా?"

"నా చెయ్యి రబ్బరు బొమ్మ చెయ్యిలా ఉందంది."

"అంటే నోరు లేదా నీకు? నోటితో చెప్పు. జుట్టు పట్టుకుంటావా? వెళ్ళు. వెళ్ళి ఆ పిల్లకి సారీ చెప్పి రా."

ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పిచ్చుకని గసిరి ఎరగరు. ఏడవాలో, ఎదురు చెప్పాలో తెలీక తండ్రి వంక చూసింది. మెకానిక్ నోరు తెరవబోయాడు. భార్య అతని వంక ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

"నేను చెప్పను!" అంది పిచ్చుక.

"చెప్తావు."

మూతి ముడుచుకుని, కళ్ళ నిండా నీళ్ళతో, పిల్ల విసురుగా గుమ్మం దాటింది. కోపమంతా కాళ్ళలో పెట్టి ధన్ ధన్‌మని మెట్లు దిగుతుంటే, ఒక్కొక్క అడుగుకీ మెకానిక్ కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. లేచి వెళ్ళబోతే భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత ఎదురింటి తలుపు మీద పిడికిలితో దబదబా బాదిన చప్పుడు, దాని వెంట పిచ్చుక అరుపు వినిపించాయి. "సారీ! కానీ నువ్వూ నాకు చెప్పాలి!"